ఒక సూది చాలదా?

మేము గ్రామములకు పోయినపుడు తల్లులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "నెల క్రిందట బిడ్డకు సూది వేయించితిమి గదా, జ్వరము కూడ వచ్చినది, మరల అదే సూది యెందులకు?" ఈ ప్రశ్న తెలివితక్కువది కాదు. "ప్రభుత్వము వేయించుమన్నది" అని బదులు చెప్పినచో ఆమె మనసు సమాధానపడదు. సరియైన జవాబు చెప్పుటకు, మన రక్తము రోగక్రిములతో ఎట్లు పోరాడునో పంచాయతీ సభ్యులు తెలిసికొనవలెను.

క్రిమిని గుర్తుపట్టి దానిని అంటిపెట్టుకొను మాంసకృత్తులు కొన్ని మన శరీరమున తయారగును. వీనిని ప్రతిరక్షకము లందురు. ఇవి ఆకారమున పంగలకర్రను పోలియుండును. రెండు కొమ్మల కొనలు క్రిమిని పట్టుకొనును. కాండము ఇతర రక్షకులకు ఆనవాలుగా నిలుచును. తాళమునకు తాళపుచెవి వలె ఏ రోగమునకు తగిన ప్రతిరక్షకము ఆ రోగమునకే పనికివచ్చును.

ధనుర్వాతమున మనిషిని చంపునది క్రిమి విడుచు విషము. ప్రతిరక్షకము ఆ విషమును పట్టుకొని నరములను చేరనీయదు. దానితోనే ప్రాణము దక్కును. బేరింగ్, కిటసాటో అను శాస్త్రజ్ఞులు బెర్లిన్ నగరమున 1890లో ఈ సంగతిని జంతువులయందు నిరూపించిరి. కాని క్రిమినే చంపవలసివచ్చినపుడు పట్టుకొన్నంత మాత్రమున చాలదు.

ఈ మర్మమును 1895లో పారిస్ నగరమున జూల్ బోర్డే అను బెల్జియం దేశస్థుడు కనుగొనెను. కలరా టీకా వేసిన జంతువు రక్తరసము కలరా క్రిములను కరగించివేయుచుండెను. ఆ రసమును సుమారు 56 డిగ్రీల వరకు వేడిచేయగా ఆ శక్తి పోయెను. పిమ్మట టీకా వేయని జంతువు యొక్క తాజా రక్తరసమును కొంచెము కలుపగా, పోయిన శక్తి తిరిగివచ్చెను. తాజా రసమొక్కటే క్రిములను అట్లు కరగించలేదు. కనుక రక్తమున రెండు వేరు వేరు వస్తువులు కలవు: వేడికి చెడని ప్రతిరక్షకములు, వేడికి చెడిపోవు మరియొక సహాయకము. ఈ రెండవదానికి కాంప్లిమెంట్ అని పేరు. బోర్డేకు 1919వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించెను.

కాంప్లిమెంట్ ఒకే వస్తువు కాదు. ముప్పదికి పైబడిన మాంసకృత్తుల కూటమి. వీనిలో అధికభాగము కాలేయమున తయారై రక్తములో నిద్రాణముగా తిరుగుచుండును. ప్రతిరక్షకములు క్రిమిపై కూర్చుండగనే మొదటిది మేల్కొని రెండవదానిని లేపును, అది మూడవదానిని. తలారి దొంగను పట్టి కేకవేయగా ఊరివారు ఒకరివెంట నొకరు పరుగెత్తివచ్చినట్లుండును. కొన్ని క్రిమిని కప్పి, తెల్లకణములు దానిని సులువుగా మ్రింగునట్లు చేయును. మరికొన్ని కలిసి దాని పొరకు రంధ్రము చేయగా, లోనికి నీరు చొచ్చి క్రిమి పగిలిపోవును. గోడ దళసరిగానున్న క్రిములకు ఈ రంధ్రము పడదు. అట్టివాని విషయమున మ్రింగించుటయే ముఖ్యమైన ఉపాయము. తలారి లేకున్నను ఊరివారు కొంతవరకు మేల్కొనగలరు గాని, తలారి యున్నపుడు దెబ్బ గురిగాను బలముగాను పడును.

టీకా తయారుచేయించునది ఈ తలారినే. మొదటి సూదికి ప్రతిరక్షకములు పుట్టుటకు వారము పది దినములు పట్టును. అవి కొద్దిగా నుండును, పట్టు బలహీనము, త్వరలోనే తగ్గిపోవును. అయినను ఆ క్రిమిని జ్ఞాపకముంచుకొను కణములు కొన్ని మిగులును. రెండవ, మూడవ సూదులు వేసినపుడు ఆ కణములు వేగముగా పెరిగి, ఎక్కువ సంఖ్యలో గట్టిపట్టు గల ప్రతిరక్షకములను తయారుచేయును. ఒక సూదితో ఆగిన బిడ్డకు కార్డు మీద గుర్తు ఉండును గాని చాలినంత రక్షణ ఉండదు.

అందువలననే పెంటావాలెంట్ టీకాను 6, 10, 14 వారముల వయస్సున మూడుసార్లు వేయుదురు. అది డిఫ్తీరియా, కోరింతదగ్గు, ధనుర్వాతము, హెపటైటిస్-బి కామెర్లు, హిబ్ క్రిమివలన వచ్చు మెదడువాపు, న్యుమోనియాల నుండి కాపాడును. పిమ్మట 16 మొదలు 24 నెలల లోపున ఒకమారు, 5-6 ఏండ్ల వయస్సున మరియొకమారు డి.పి.టి. సూది వేయించవలెను. సూది తరువాత ఒకటి రెండు దినములు స్వల్పజ్వరము వచ్చుట సహజము. రానంత మాత్రమున టీకా పనిచేయలేదని కాదు. జ్వరము తీవ్రమైనను, మూర్ఛ వచ్చినను వెంటనే వైద్యునికి చూపి, తరువాతి సూదికి ముందు ఏ.ఎన్.ఎం.కు తప్పక చెప్పవలెను.

గర్భిణికి వేయు ధనుర్వాతపు సూది బిడ్డకు కూడ చెందును. తల్లి ప్రతిరక్షకములు మావి ద్వారా శిశువును చేరి, పుట్టిన తొలి వారములలో కాపాడును. పురిటి ధనుర్వాతము నిర్మూలన స్థాయికి తగ్గినదని 2015లో మన దేశమునకు గుర్తింపు లభించుటకు ఈ సూది, శుభ్రమైన కాన్పు ముఖ్యకారణములు.

టీకాల దినమునకు ముందే సభ్యులు తమ వార్డులో రెండవ, మూడవ సూది బాకీయున్న పిల్లల జాబితాను ఏ.ఎన్.ఎం. వద్దగాని ఆశా కార్యకర్త వద్దగాని తీసికొని ఆ యిండ్లకు పోవలెను. గడువు దాటినను చిన్నబుచ్చి మాటలాడరాదు. మొదటినుండి మరల ప్రారంభింప నక్కరలేదు, ఆగినచోటి నుండి కొనసాగింతురు. మా అనుభవమున ఎక్కువగా తప్పిపోవువారు పనులకు వలసపోవు కుటుంబముల పిల్లలు. వారు బయలుదేరునపుడు టీకా కార్డును మూటలో పెట్టుకొనునట్లు చూడవలెను. పోయినచోట ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున దానిని చూపినచో తరువాతి సూదిని ఉచితముగా వేయుదురు.