పాత గిటారు ఎందుకు అపస్వరం పలుకుతుంది?

అటక మీది పాత గిటారును దించారనుకోండి. తీగ నొక్కితే వేలు నొప్పి పుడుతుంది; శ్రుతి చేసినా పై మెట్లలో స్వరం హెచ్చుగా పలుకుతుంది. పారేయకండి! కారణం వెతకండి.

ఆరు ఉక్కు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బరువంత బలంతో లాగుతాయి. పైగా చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి చోట్ల ఎండాకాలం, వానాకాలం మారినప్పుడల్లా ఇదే తంతు. క్రమంగా మెడ వంగి, తీగలు పైకి లేస్తాయి.

12వ మెట్టు తీగ పొడవులో సగం దగ్గర ఉంటుంది. అక్కడ నొక్కితే పౌనఃపున్యం రెట్టింపవుతుంది; షడ్జం పలికే తీగ పై షడ్జం పలుకుతుంది. తీగ మరీ ఎత్తుగా ఉంటే, నొక్కినప్పుడు సాగి బిగువు పెరుగుతుంది. అందుకే స్వరం హెచ్చుతుంది. వీణ మెట్లను మైనంలో అమరుస్తారు కనుక సర్దవచ్చు. గిటారు మెట్లు చెక్కలో దిగగొట్టినవి. కాబట్టి తీగనే దించాలి.

ముందుగా బ్రిడ్జి కిందికి కాగితం దూర్చి చూడండి. దూరితే జిగురు ఊడిందన్నమాట. అలా ఊడినా, మెడ బాగా వంగినా తీగలు వదులు చేసి, పని తెలిసినవారికి చూపించండి.

లేకుంటే 12వ మెట్టు మీద తీగ ఎత్తు కొలవండి. 4 మి.మీ. ఉందా? 3కు దించాలంటే, తీగలు వదులు చేసి, బ్రిడ్జిలో అవి ఆనే సన్నని పట్టీని తీసి, దాని అడుగును గరుకు కాగితం మీద 2 మి.మీ. అరగదీయాలి. 1 మి.మీ. దించడానికి 2 ఎందుకు? సరూప త్రిభుజాలు గీసి చూడండి!

కొంచెం కొంచెంగా రుద్ది, ప్రతిసారీ అమర్చి కొలవండి. ఎక్కువ అరిగితే తీగలు మెట్లకు తగిలి గరగరమంటాయి. అరిగిన పట్టీ మళ్లీ పెరగదు సుమా!