ఎడారి నగర ప్రయాణం: ఒక ఆలోచన

1973లో చమురు ధరలు పెరిగిన పిదప గల్ఫు దేశాలలో నిర్మాణ పనులు విస్తరించాయి. నాటి నుండి తెలంగాణ పల్లెల యువకులెందరో కువైటు, దుబాయి, దోహా నగరాలకు తరలిపోయారు. ఝరాసంగం మెట్టపొలాల నుండి వచ్చే మన విద్యార్థులకును ఈ ప్రశ్న ఎదురు కాక తప్పదు: పోవుటయా, మానుటయా?

జీతమొక్కటే దీనికి సమాధానం కాదు. కువైటులోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీల సెల్సియస్ వేడి నమోదైంది. ఆ దేశంలో జూన్ నుండి ఆగస్టు వరకు పగలు 11 నుండి 4 గంటల దాకా ఆరుబయట పని నిషిద్ధం. సముద్రతీరపు తేమలో చెమట ఆరదు. చెమట ఆరనిదే దేహం చల్లబడదు. కావున పని నీడలోనా, ఎండలోనా అన్నది తొలుత తెలుసుకోవాలి.

1983 నాటి వలసల చట్టం ప్రకారం, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫులో ఉద్యోగానికి ప్రభుత్వ అనుమతి పొందాలి. అప్పుడు వారి ఒప్పంద పత్రాన్ని అధికారులు పరిశీలిస్తారు. ఉత్తీర్ణులకు ఆ అనుమతి అక్కరలేదు. చదువు ఇచ్చిన సౌకర్యమిది. కాని ఆ పరిశీలనా భారం మనపైననే పడుతున్నది.

కనుక యజమాని పేరు, మూల వేతనం, పని గంటలు, వసతి, వీసా రకం మనమే చదివి గ్రహించాలి. ప్రయాణానికి చేసిన అప్పు ఎన్ని నెలల జీతంతో తీరునో లెక్క కట్టాలి. ఆ లెక్క కుదిరిన పిమ్మటనే ఇంటివారి అనుమతి కోరుదము.