మాటల పాఠము: డిస్టింక్ట్‌లీ



1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో నెహెమ్యా 8:8 చూడండి. ధర్మశాస్త్రమును చదివిన తీరుకు అక్కడ వాడిన మాట ‘డిస్టింక్ట్‌లీ’. తెలుగులో ‘స్పష్టముగా’.

ఈ మాటకు రెండు పనులున్నవి. క్రియతో వచ్చినప్పుడు స్పష్టతను తెలుపును: ‘షి రీడ్స్ డిస్టింక్ట్‌లీ’, అనగా ఆమె ప్రతి మాట తేటగా వినబడునట్లు చదువును. విశేషణమునకు ముందు వచ్చినప్పుడు ఎంత అన్నది తెలుపును: ‘హర్ రీడింగ్ ఈజ్ డిస్టింక్ట్‌లీ బెటర్’, అనగా ఆమె చదువు కొట్టొచ్చినట్లు మెరుగుపడినది.

చెన్నైలో మన పిల్లలు కొందరు ఇంగ్లీషు వాక్యము చక్కగా చదివి, తెలుగు వాక్యము దగ్గర తడబడుట మేము చూచుచున్నాము. ఎజ్రా దినములలో చదువుటతో సరిపెట్టలేదు, అర్థము కూడ చెప్పిరి. ఇంట దినమునకు ఒక్క తెలుగు వచనమైనను చదివించి అర్థము చెప్పుదము. అప్పుడు ఈ మాట రెండు అర్థములును వారియందు నెరవేరును.