పక్షి స్థావరాలు: ఏ కొమ్మ కొట్టాలి, ఎలా తయారు చేయాలి, ఎక్కడ పాతాలి



కంది, శనగ, వేరుశనగ వేసిన మనవాళ్లు చాలామంది పొలంలో పక్షి స్థావరాలు పెడుతున్నారు. మంచిదే. కానీ కొన్ని పొలాల్లో చూస్తే కంది ఆరడుగులు ఉంటుంది, కొమ్మ నాలుగడుగులే ఉంటుంది. ఆకుల్లో మునిగిపోయిన కొమ్మ మీద ఏ పిట్టా వాలదు. ఎకరానికి 20 పాతాలి అనే మాట అందరికీ తెలుసు. ఏ కొమ్మ, ఎంత లావు, ఎంత ఎత్తు అనేది మాత్రం ఎవరూ వివరంగా చెప్పరు. మొదలు కాల్చడం, పాతడం పై వీడియోలో చూపించాను. మిగతా వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

ఎవరి కోసం పాతుతున్నాం?

ముఖ్యంగా ఏట్రింత కోసం. నల్లగా, తోక చివర చీలి ఉంటుంది. కొన్ని ఊళ్లలో పసులపోలిగాడు అంటారు. తర్వాత పాలపిట్ట, గోరువంక. ఏట్రింత ఎత్తు మీద కూర్చుని చుట్టూ చూస్తుంది. పురుగు కదిలితే దూకి పట్టుకుని మళ్లీ కొమ్మ మీదికే వస్తుంది. చేను మధ్యలో కూర్చునే చోటు లేకపోతే గట్టు మీద చెట్టు దగ్గరే తిరుగుతుంది. మధ్యలో ఉన్న పురుగు మిగిలిపోతుంది.

శనగపచ్చ పురుగు తల కాయలో పెట్టి, ఒళ్లు బయట ఉంచి తింటుంది. పిట్టకి అది బాగా దొరుకుతుంది. లద్దె పురుగు పగలు ఆకుల కింద, నేల నెర్రెల్లో దాక్కుని రాత్రి తింటుంది. ఏట్రింత తెల్లారకముందే లేచి చీకటి పడేదాకా వేటాడుతుంది కాబట్టి అది కూడా కొంత దొరుకుతుంది.

ఏ కొమ్మ మంచిది?

- సరుగుడు, సుబాబుల్, కానుగ, వేప, తుమ్మ. ఏది దగ్గర్లో ఉంటే అది. నిటారుగా ఉండి, పైన రెండు మూడు అడ్డ పంగలు ఉన్న కొమ్మ చూసుకోండి. అప్పుడు విడిగా అడ్డకర్ర కట్టే పనే ఉండదు.
- పిట్ట కూర్చునే పంగ మన వేలంత లావు ఉండాలి. మరీ సన్నగా ఉంటే గాలికి ఊగుతుంది, పిట్ట నిలవదు.
- బెరడు గరుకుగా ఉంటే కాలికి పట్టు దొరుకుతుంది. నున్నటి వెదురు, ప్లాస్టిక్ పైపు వాడితే పైన అడ్డంగా గరుకు కొమ్మ కట్టండి.
- సర్కారు తుమ్మ వాడితే ముళ్లు మొత్తం కొట్టేయండి. కాయలున్న కొమ్మ అసలు తేవద్దు, గింజ రాలితే చేలో అదే మొలుస్తుంది.
- పత్తి కట్టె వద్దు. మిగిలిపోయిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాగి ఉంటుంది. పిండినల్లి పట్టిన కొమ్మ కూడా వద్దు.
- గ్లైరిసిడియా, మునగ పచ్చి కొమ్మ పాతితే వేరు పట్టి చిగురిస్తుంది. చేను మధ్యలో వద్దు, గట్టు మీద పాతండి. అక్కడ అదే బతికున్న పక్షి స్థావరం, పైగా పచ్చిరొట్ట.

తయారీ

ఆకు, సన్న రెమ్మలు దులిపేసి రెండు మూడు వారాలు నీడలో ఆరబెట్టండి. మొదలు వైపు రెండున్నర అడుగులు బెరడు చెక్కేయండి. బెరడు కింద పురుగు చేరుతుంది, తడి నిలుస్తుంది. ఆ భాగాన్ని నిప్పు మీద తిప్పుతూ పైపొర నల్లబడేదాకా కాల్చండి. లోపలిదాకా కాలితే బలం పోతుంది. రెండడుగులు భూమిలోకి పోతుంది, ఆపై అర అడుగు నేలకి పైన ఉంటుంది. చెద, కుళ్లు ముందుగా పట్టేది నేల మట్టం దగ్గరే, అందుకే ఆ అర అడుగు. చెదకి కాల్చిన ఇంజన్ ఆయిల్ పూసేవాళ్లున్నారు. మనం జీవామృతం పోసే నేలలో అది వద్దు.

అడ్డకర్ర కట్టాల్సి వస్తే పురికొసతో కట్టండి. నైలాన్ దారం పోగులు పిట్టల కాళ్లకి చుట్టుకుంటాయి.

ఎత్తు, దూరం

పైరు కంటే అడుగున్నర పైకి ఉండాలి. శనగకి ఐదడుగుల కొమ్మ చాలు. ఆరడుగుల కందికి తొమ్మిదిన్నర అడుగుల కర్ర కావాలి. ఎకరానికి 20 అంటే ఒక్కోదానికి మధ్య దాదాపు 14 మీటర్లు వస్తుంది. కరెంటు తీగల కింద పాతవద్దు. తేనెటీగల పెట్టెలుంటే వాటికి దూరంగా పెట్టండి, ఏట్రింత తేనెటీగలను కూడా తింటుంది.

ఎలుకల బెడద ఉంటే నాలుగైదు చోట్ల మణికట్టు లావు అడ్డకర్రతో ఇంకా ఎత్తుగా పెట్టండి. రాత్రి గుడ్లగూబ వాలుతుంది.

గట్టు మీద తొండకి కూడా

మిగిలిన లావు కొమ్మలు పారేయకండి. గరుకు బెరడుతోనే గట్టు మీద ఏటవాలుగా ఆనించండి. కింద కాస్త కంప వేయండి. తొండ పైన ఎండ కాచుకుంటుంది, భయమేస్తే కంపలోకి దూరుతుంది. పురుగులే దాని తిండి. కంచెలో ఊసరవెల్లి కనబడితే విషం అని కొట్టేస్తారు. తొండకీ విషం లేదు, ఊసరవెల్లికీ లేదు. అలాగని ఊసరవెల్లిని పట్టి ఇంట్లో పెంచకూడదు, వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

ఎప్పుడు పాతాలి, ఎప్పుడు తీయాలి?

పూత రాకముందే పాతాలి. పురుగు కాయలోకి పోయాక పాతితే సగం ఆలస్యమైనట్టే. తీయడం కూడా అంతే ముఖ్యం. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట, పురుగు తింటుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక, గింజ తింటుంది. కొమ్మకి ఆ తేడా తెలియదు, మనకే తెలియాలి. జొన్న, సజ్జ, పొద్దుతిరుగుడులో గింజ పాలు పోసుకునే దశకి కొమ్మలు పీకేయండి. కంది, శనగలో కాయ గట్టిపడగానే తీసేయండి. కడిగి, ఆరబెట్టి, పాకలో నిలబెడితే వచ్చే పంటకి పనికొస్తాయి.

పనిచేస్తోందా లేదా?

పాతిన వారానికి ఒక్కో కొమ్మ మొదట్లో చూడండి. తెల్లటి రెట్ట ఉంటే పిట్ట కూర్చుంటోంది. లేకపోతే అది ఉత్త కర్ర. ఎత్తు పెంచండి, లేదా చోటు మార్చండి. 20 పాతితే ఎన్నింటి కింద రెట్ట ఉందో లెక్క రాసుకోండి. మీ చేలో నిజంగా ఉన్న పక్షి స్థావరాలు అన్నే.

పురుగు ఉధృతి ఎక్కువైతే పిట్టలొక్కటే ఆపలేవు. లింగాకర్షక బుట్టలు పెట్టి చూసుకుంటూ, గుడ్లు, చిన్న పురుగు దశలోనే నీమాస్త్రం కొట్టండి. కొమ్మకి పెద్ద ఖర్చు లేదు, ఒకరోజు పని. ఈసారి కంది పూతకి రాకముందే ఆ పని ముగించుకోండి.