పాత కారు కొనడమంటే బియ్యం ఏరడమే

సెకండ్‌హ్యాండ్ కార్ల మీద రాసిన ఒక పేపర్‌కి నోబెల్ దాకా వెళ్లిన చరిత్ర ఉందని మీలో ఎంతమందికి తెలుసు? జార్జ్ ఆకర్లాఫ్ అనే అమెరికన్ ఎకనామిస్ట్ 1970లో ‘ది మార్కెట్ ఫర్ లెమన్స్’ అనే పేపర్ అచ్చు వేయించారు. అంతకుముందు మూడు జర్నల్స్ దాన్ని తిప్పి పంపేశాయి. 2001లో ఆయనతో పాటు ఇంకో ఇద్దరికి కలిపి ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది. అమెరికన్ల వాడుకలో ‘లెమన్’ అంటే పైకి బాగుండి, కొన్నాక ఏడిపించే కారు.

ఈ పేపర్ నేను చదవడానికి కారణం మా ఇంటి కారు. అది 2011 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఎండాకాలంలో బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర పది నిమిషాలు నిలబడితే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. దాన్ని మార్చాలి, చేతిలో ఉన్నది మూడున్నర లక్షలు. ‘కంప్యూటర్ సైన్స్ కదా, నువ్వే లెక్క చూడు’ అని నాన్న ఆ పని నాకు అప్పజెప్పారు. ఆ లెక్కలనే పాఠంలా రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్లలో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కాబట్టి పనికొస్తుందని ఆశ.

1. ఏ కారు అనే ముందు, ఎన్ని కిలోమీటర్లు?

అందరూ మొదట అడిగేది ‘ఏ కంపెనీ కారు?’ అని. కానీ మొదట రాసుకోవాల్సింది మన ప్రయాణాలు. మేముండేది చందానగర్‌లో. పగటి డ్యూటీ అయితే నాన్న ఎంఎంటీఎస్‌లో హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగిపోతారు. అమ్మ స్కూలుకి ఆర్టీసీ బస్సులో వెళ్తుంది, 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం వల్ల ఆ టికెట్ ఖర్చు కూడా లేదు. 2019లో మెట్రో హైటెక్ సిటీకి, తర్వాత రాయదుర్గం దాకా వచ్చాక అమీర్‌పేట వైపు పనులకి కూడా కారు తీయడం లేదు.

మరి కారు దేనికి? వారానికి రెండుసార్లు నాన్న నైట్ షిఫ్ట్, రానూపోనూ 24 కిలోమీటర్లు. నెలకి రెండుసార్లు నాయనమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్లడం. ఏడాదికి ఎనిమిదిసార్లు సూర్యాపేట దగ్గర మా ఊరు. అన్నీ కలిపితే ఏడాదికి దాదాపు 5,500 కిలోమీటర్లు.

ఈ ఒక్క అంకె చాలా ప్రశ్నల్ని తేల్చేసింది. పెట్రోల్ లీటరు 107 రూపాయలు అనుకుందాం. లీటరుకి 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకి ఏడాదికి సుమారు 39,200 రూపాయలు అవుతుంది. 20 ఇచ్చే కారుకి సుమారు 29,400. తేడా 9,800. అంటే మైలేజీ కోసం లక్షన్నర ఎక్కువ పెట్టి కొంటే, ఆ డబ్బు వెనక్కి రావడానికి 15 ఏళ్లు పడుతుంది! తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకి 2026 డిసెంబర్ 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ ఉంది. అయినా ఇంత తక్కువ తిరిగే ఇంటికి ఆ ఆదా చాలదు, మా బడ్జెట్‌కి అవి అందవు కూడా. రోజూ 60 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి మాత్రం ఇదే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అందుకే వేరేవాళ్ల సలహా కంటే మన నోట్‌బుక్ నయం.

2. బాగు చేయించాలా, మార్చాలా?

గత ఏడాది మా కారు రిపేర్లకి 46,000 అయింది. ‘ఇంత పెట్టాం కదా, ఇప్పుడు అమ్మితే ఎలా?’ అని అమ్మ అంది. దీన్నే మన పుస్తకాల్లో సంక్ కాస్ట్ అంటారు. తెలుగులో ఇంకా బాగా చెప్పారు, గతజల సేతుబంధనం అని. పోయిన నీళ్లకి ఆనకట్ట కట్టలేం. చూడాల్సింది వచ్చే ఏడాది ఖర్చు మాత్రమే.

మెకానిక్‌ని కూర్చోబెట్టి వచ్చే ఏడాది లిస్ట్ రాయించాను. రేడియేటర్, హెడ్ గ్యాస్కెట్ పని 35,000. క్లచ్ 12,000. టైర్లు 14,000. పైగా ప్రైవేట్ కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. ఆ తర్వాత ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి రెన్యువల్ చేసుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000కి పెరిగింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. మొత్తం 66,000 పైమాటే. కారు విలువేమో 90,000.

కానీ నిర్ణయం తేల్చింది ఈ అంకె కూడా కాదు. తేదీ తెలిసిన ఖర్చుకి చిట్టీ పాడుకోవచ్చు, అప్పు తీసుకోవచ్చు. కారు ఎప్పుడు ఆగుతుందో తెలియకపోవడమే అసలు కష్టం. రాత్రి రెండింటికి నాన్న రోడ్డు పక్కన నిలబడటం, నాయనమ్మని ఎక్కించుకున్నాక ఇంజిన్ ఉడికిపోవడం, వీటికి ఎక్సెల్ షీట్‌లో కాలమ్ లేదు. కాబట్టి మేం కొనాల్సింది కొత్త మోడల్ కాదు, ఆగిపోని కారు.

3. మంచి కార్లు మార్కెట్లోంచి ఎందుకు మాయమవుతాయి?

ఇక్కడ ఆకర్లాఫ్ దగ్గరికి వద్దాం. మార్కెట్లో రెండు రకాల కార్లున్నాయి అనుకోండి. మంచిది మూడు లక్షలు చేస్తుంది, చెడ్డది లక్ష. ఏది ఏదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు మధ్యలో రెండు లక్షలు అంటాడు. మంచి కారు ఓనర్ ‘నా బండికి రెండేనా?’ అని ఇంటికెళ్లిపోతాడు. చెడ్డ కారు ఓనర్ సంతోషంగా నిలబడతాడు. ఇలా మంచి కార్లు తగ్గేకొద్దీ కొనేవాళ్ల నమ్మకం తగ్గుతుంది, ధర ఇంకా పడిపోతుంది. చివరికి మిగిలేవి లెమన్లే. ఇందులో ఎవరూ పెద్ద దొంగ కానక్కర్లేదు. సమాచారం ఒకవైపే ఉంటే చాలు.

ఆకర్లాఫ్ 1967-68లో ఏడాది పాటు ఢిల్లీలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నారు. ఆ పేపర్‌లో మన దేశం ఉదాహరణలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి బియ్యం. బజార్లో బియ్యంలో అదే రంగు, అదే ఆకారం ఉన్న రాళ్లు కలుపుతారు కాబట్టి ఇల్లాలు కూర్చుని ఏరుకోవాలి అని రాశారు. మా నాయనమ్మ చేటలో చేసే పని ప్రపంచ ప్రఖ్యాత పేపర్‌లో ఉందని చెబితే ఆమె నవ్వింది. ‘రాళ్లున్నాయని బియ్యం కొనకుండా ఉంటమా బిడ్డా? ఏరుకుంటం’ అంది. మిగతా పాఠమంతా ఈ ఏరడం గురించే.

4. కాగితాల్లో రాళ్లు

కారు చూసే ముందు కాగితాలు చూడాలి, ఎందుకంటే దీనికి ఖర్చు లేదు.

ఆర్‌సీ: దాని మీద పేరు, అమ్ముతున్న మనిషి ఒకరేనా? ఎన్నో ఓనర్? ఛాసిస్ నంబర్ బండి మీద ఉన్నదీ, ఆర్‌సీలో ఉన్నదీ ఒకటేనా? ఎంపరివాహన్ యాప్‌లో కొంత తెలిసిపోతుంది.

లోన్: ఆర్‌సీలో హైపోథికేషన్ ఉంటే, అప్పు తీరినట్టు బ్యాంక్ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రావాలి. ‘తర్వాత పంపిస్తా’ అంటే, డబ్బు కూడా తర్వాతే.

చలాన్లు: ట్రాఫిక్ పోలీస్ ఈ-చలాన్ సైట్‌లో బండి నంబర్ కొట్టి చూడండి. బాకీ ఉంటే ధరలో తగ్గించమనండి.

వేరే రాష్ట్రం బండి: ఢిల్లీ నంబర్ కారు చాలా చవగ్గా కనిపిస్తుంది. అక్కడ పది ఏళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బండ్ల మీద 2015 నుంచి కోర్టు ఆంక్షలు నడిచాయి. కానీ ఇక్కడికి తెస్తే ఎన్‌ఓసీ తెచ్చుకుని, 12 నెలల్లో తెలంగాణ నంబర్ వేయించుకుని, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. 2014 జూన్ 2 తర్వాత రిజిస్టర్ అయిన ఏపీ బండికి కూడా ఇదే వర్తిస్తుంది. ఈ ట్యాక్స్ కలిపాక ‘చవక’ అన్నది మిగులుతుందో లేదో చూడాలి.

5. ఇనుములో రాళ్లు

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మనం వెళ్లేసరికి స్టార్ట్ చేసి ఉంచితే, చల్లగా ఉన్నప్పటి లోపాలు కనపడవు. బానెట్ మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. పొగ ఆగకుండా నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది, దట్టంగా తెల్లగా వస్తే కూలెంట్ లోపలికి దిగుతోందని అనుమానించాలి.

తర్వాత ఏసీ వేసి ఇరవై నిమిషాలు నిలబెట్టండి. హైదరాబాద్‌కి ఇదే అసలు పరీక్ష. బండి కదులుతుంటే గాలి రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. సిగ్నల్ దగ్గర ఆ గాలి ఉండదు, భారమంతా ఫ్యాన్ మీదే. ఖాళీ రోడ్డు మీద అద్భుతంగా నడిచే కారు మాదాపూర్ సాయంత్రంలో చేతులెత్తేసేది అందుకే.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. మీటర్ 18,000 కిలోమీటర్లు చూపిస్తూ టైర్లు ఒకసారి మారిపోయి, పెడల్ రబ్బర్ అరిగిపోయి ఉంటే మీటర్ నిజం చెప్పడం లేదు.

2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో మన నగరంలో కురిసిన వాన గుర్తుందా? చాలా కార్లు మునిగాయి, కొట్టుకుపోయాయి. అలా మునిగిన బండిని కడిగి, పాలిష్ పెట్టి అమ్మేవాళ్లుంటారు. సీట్ బెల్ట్ పూర్తిగా చివరిదాకా లాగి చూడండి, బురద మరక అక్కడ మిగిలిపోతుంది. కార్పెట్ కింద తుప్పు, సీటు పట్టాల మీద తుప్పు కూడా చూడాలి.

ఇక మన సబ్జెక్ట్. 2013 ఏప్రిల్ తర్వాతి కార్లకి మన దేశంలో ఓబీడీ-2 తప్పనిసరి. చిన్న బ్లూటూత్ రీడర్ పెట్టి, ఫోన్‌లో ఎర్రర్ కోడ్స్ చదవొచ్చు. పీ0300 వస్తే సిలిండర్లలో మిస్‌ఫైర్ అని అర్థం. అసలు ఏ కోడ్ లేకపోతే సంతోషించకండి. రెడీనెస్ మానిటర్స్ కూడా చూడండి. అవన్నీ ‘నాట్ రెడీ’ అంటే, మనం వచ్చే ముందు ఎవరో మెమరీ తుడిచేసి ఉండొచ్చు. లాగ్స్ డిలీట్ చేసిన సర్వర్‌ని మనం నమ్ముతామా?

ఇంత చేసినా, అమ్మేవాళ్లతో సంబంధం లేని మెకానిక్‌కి డబ్బిచ్చి చూపించుకోవాలి. మాకు 1,500 అయింది. ఆ 1,500తో మూడు కార్లని వద్దనుకున్నాం.

6. బడ్జెట్‌ని మొత్తం కారు మీద పెట్టొద్దు

మా మూడున్నర లక్షల్ని ఇలా విడదీశాను: కారుకి 2,90,000, ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్స్‌కి 15,000, మొదటి సర్వీసు, టైర్లకి 30,000, చేతిలో 15,000. ఎంత మంచి కారైనా మొదటి మూడు నెలల్లో ఏదో ఒకటి అడుగుతుంది.

బేరానికి రెండు విషయాలు తెలిసుండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి దిగింది. కాబట్టి అమ్మేవాళ్లు తాము కొన్నప్పటి షోరూం ధర చెబితే, ఇప్పటి ధర చూపించాలి. రెండోది, నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మనిషిది. పాత కారు అమ్మేటప్పుడు నాన్న తన బోనస్‌కి సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు వేరే కారుకి వాడుకోవచ్చు.

లోన్ తీసుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. రెండు లక్షలు, మూడేళ్లు, 12 శాతం. తగ్గే బాకీ మీద వడ్డీ అయితే ఈఎంఐ 6,643, మొత్తం వడ్డీ సుమారు 39,000. అదే 12 ‘ఫ్లాట్’ అంటే ఈఎంఐ 7,556, వడ్డీ 72,000. నిజమైన రేటు 21 శాతం దాటుతుంది. ‘ఫ్లాటా, రెడ్యూసింగా?’ అన్న ఒక్క ప్రశ్న విలువ 33,000 రూపాయలు.

7. ఇప్పుడు మనమే అమ్మేవాళ్లం

ఇంతవరకు కొనేవాళ్ల వైపు ఉన్నాం. కానీ మా ఇంటి ముందు ఉన్నది కూడా ఒక లెమనే! దాన్నీ అమ్మాలి.

ముందు చట్టం సంగతి. డబ్బు తీసుకుని తాళాలిస్తే అయిపోదు. ఫారం 29, 30 పెట్టి పేరు మారేదాకా బాధ్యత మనదే. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కారు చేతులు మారుతూ పోయింది, రిజిస్ట్రేషన్‌లో పేరు మారలేదు, యాక్సిడెంట్ పరిహారం రికార్డులో ఉన్న ఓనర్ మీదే పడింది. అందుకే మాకు పేరు మారిన ఆర్‌సీ కాపీ వచ్చేదాకా పని అయినట్టు కాదు.

తర్వాత, ఇంట్లో రెండు రోజులు నడిచిన చర్చ. వేడెక్కే సంగతి చెప్పాలా? శీతాకాలం పొద్దున్న చూపిస్తే ఎవరికీ తెలియదు. మా బాబాయ్ అదే సలహా ఇచ్చాడు. ‘అందరూ చేసేదే కదా అన్నయ్యా’ అన్నాడు. 20,000 తేడా మా ఇంట్లో చిన్న మాట కాదు, అవి నా సెమిస్టర్ బస్ ఫీజు, పుస్తకాలు. నాన్న మాత్రం మెకానిక్ రాసిన లిస్టుని జిరాక్స్ తీయించి, చూడటానికి వచ్చినవాళ్లందరి చేతిలో పెట్టారు. ‘రేపు దీంట్లో ఎవరింటి పెద్దావిడో కూర్చుంటది’ అన్నారు.

మొదట వచ్చిన ఇద్దరు లిస్టు చూసి వెళ్లిపోయారు. మూడో ఆయనకి పటాన్‌చెరులో సొంత షెడ్డు ఉంది. మాకు 35,000 అయ్యే పని ఆయన చేతి మీద చాలా తక్కువలో అయిపోతుంది. 70,000కి తీసుకున్నారు. లోపం దాచితే ఆ కారు దాన్ని బాగు చేసుకోలేని ఇంటికి వెళ్లేది. చెప్పడం వల్ల, బాగు చేయగలిగినాయన చేతికి వెళ్లింది. ఆకర్లాఫ్ మార్కెట్‌లో లేని సమాచారం అదే, దాన్ని అక్కడ పెట్టడానికి మాకైన ఖర్చు 20,000 రూపాయలూ ఒక జిరాక్స్ కాగితం.

మీ ఇంట్లో ఈ మాట వస్తే, యాప్‌లు తెరిచే ముందు ఒక నెల ప్రయాణాలు రాసి పెట్టండి. మెకానిక్ చేత వచ్చే ఏడాది లిస్టు రాయించండి. కారు చూడటానికి సాయంత్రం కాదు, పొద్దున్నే వెళ్లండి. ఓబీడీ రీడర్ కావాలంటే నా దగ్గర ఉంది, అడిగి తీసుకెళ్లొచ్చు.