పరిశోధనా వ్యాసానికి పరీక్ష పెట్టేదెవరు?

సికింద్రాబాదు నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటి కొంచెం ముందుకు పోతే, తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ వస్తుంది. కోవాగ్జిన్ టీకాను తయారుచేసిన భారత్ బయోటెక్ సంస్థ అక్కడిదే. మేడ్చల్, శామీర్‌పేట వైపు నుంచి కాలేజీకి వచ్చే మిత్రులకు బస్సు కిటికీలోంచి రోజూ కనబడే బోర్డులే అవి. 2021 జనవరి 3న ఆ టీకాకు అత్యవసర అనుమతి దొరికినప్పుడు చాలామంది ఒకటే ప్రశ్న వేశారు: "మూడో దశ ఫలితాలేవి? ఏ జర్నల్లో పడ్డాయి?" అని. అంతకుముందు లెక్చరర్ల గదిలోనే వినబడే 'పీర్ రివ్యూ' అనే మాట ఆ సంవత్సరం టీ కొట్ల దాకా వచ్చింది. కనుక ఆ టీకానే ఉదాహరణగా పెట్టుకొని యీ పద్ధతిని తెలుసుకుందాం.

జర్నల్‌కు వ్యాసం చేరగానే మొదట చూసేది ఎడిటర్. తమ పరిధిలోనిది కాకపోయినా, కొత్తదనం లేకపోయినా అక్కడి నుంచే తిప్పి పంపుతారు. పేరున్న పత్రికల్లో ఎన్నో వ్యాసాల కథ యిక్కడే ముగుస్తుంది. గట్టెక్కినవాటిని అదే విషయంలో పనిచేసే ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపుతారు. వీరే రిఫరీలు. సాధారణంగా వీరికి జీతమంటూ వుండదు. వీరెవరో రచయితకు చెప్పరు. కొన్ని పత్రికల్లోనైతే రచయిత ఎవరో రిఫరీకీ తెలియదు. మన పరీక్ష పేపర్లకు కోడ్ నంబరు వేసి హాల్ టికెట్ నంబరు దాస్తారు చూడండి, అట్లాంటిదే.

రిఫరీ ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూస్తాడని చాలామంది అనుకుంటారు. చేయడు; చేయడం సాధ్యమూ కాదు. ఎవరి మీద ప్రయోగించారు, దేనితో పోల్చారు, చూపిన అంకెల మీద చెప్పిన మాట నిలబడుతుందా అని కాగితం మీద అడుగుతాడు, అంతే. తీర్పు మాత్రం ఎడిటర్‌ది. ఉన్నదున్నట్టు తీసుకోవడం చాలా అరుదు. కొద్దిగా దిద్దమనో, బాగా తిరగరాయమనో, పనికిరాదనో జాబు వస్తుంది. దిద్దమన్నప్పుడు ప్రతి ప్రశ్నకూ వరుసగా సమాధానం రాసి పంపాలి. తిరగరాయమన్న జాబు చూసి దిగాలుపడే రిసెర్చ్ విద్యార్థులున్నారు గానీ, నా ఉద్దేశంలో అది మంచి కబురే. తలుపు వెయ్యలేదన్నమాట.

ఇదేదో అనాదిగా వస్తున్న ఆచారం కూడా కాదు. 1953లో వాట్సన్, క్రిక్‌ల డీఎన్‌ఏ వ్యాసాన్ని నేచర్ పత్రిక బయటి రిఫరీలకు పంపకుండానే అచ్చువేసింది. ఆ పత్రిక రిఫరీలను తప్పనిసరి చేసింది 1973లోనే.

ఇక కోవాగ్జిన్ సంగతి. 375 మందిపై జరిగిన మొదటి దశ ఫలితాలు 2021 జనవరిలో లాన్సెట్ ఇన్‌ఫెక్షస్ డిసీజెస్‌లో వచ్చాయి. టీకా నిజంగా రోగాన్ని ఆపుతుందా అని తేల్చేది మాత్రం మూడో దశ. అందులో 25,798 మంది చేరారు. సగం మందికి టీకా, సగం మందికి మందులేని ఉత్తుత్తి సూది. మార్చిలో కంపెనీ 81 శాతం రక్షణ అని ప్రకటించింది. అప్పటికి లెక్కలో వున్న రోగులు 43 మందే. జులైలో రిఫరీలు చూడని ముసాయిదాను, అంటే ప్రీప్రింట్‌ను, అందరి ముందూ పెట్టారు. నవంబరు 11న లాన్సెట్ వ్యాసాన్ని ప్రచురించింది. రోగులు 130 మంది. టీకా వేసుకున్నవారిలో 24, వేసుకోనివారిలో 106. రక్షణ 77.8 శాతం. అసలు విలువ 65.2 నుంచి 86.4 మధ్య ఎక్కడైనా వుండవచ్చునని కూడా రాశారు. పత్రికా ప్రకటనలో ఒక్క అంకె సరిపోతుంది. జర్నల్లో ఆ అంకెకున్న అనుమానాన్నీ అచ్చువేయాలి. ఆ 106 మంది లేకపోతే 24కు అర్థమే లేదన్నది గమనించండి.

అదే టీకాపై మరో వ్యాసం కథ వేరు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరిశోధకులు టీకా వేసుకున్నవారిని ఏడాది తర్వాత ఫోనులో అడిగి, తర్వాత వచ్చిన జబ్బులను లెక్కించారు. 2024 మేలో డ్రగ్ సేఫ్టీ అనే పత్రికలో అది వచ్చింది. రిఫరీలను దాటిన వ్యాసమే. టీకా వేసుకోనివారి గుంపు పోలికకు లేదని భారత వైద్య పరిశోధనా మండలి అభ్యంతరం చెప్పింది. అదే ఏడాది పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. దేనితో పోల్చారన్న ప్రశ్న అచ్చుకు ముందే పడవలసింది, తర్వాత పడింది.

రిఫరీలే లేని పత్రికలూ వున్నాయి. మన హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒమిక్స్ ప్రచురణ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. పీర్ రివ్యూ చేస్తామని చెప్పి మోసగించారనీ, అచ్చు రుసుము సంగతి ముందుగా చెప్పలేదనీ ఆరోపణ. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు చెప్పింది. "నాలుగు రోజుల్లో అచ్చువేస్తాం, రుసుము పంపండి" అనే ఆహ్వానాలు మన మిత్రులకూ వస్తుంటాయి. డబ్బు కట్టేముందు ఆ జర్నల్ పాత సంచికలు నాలుగు తీసి, మీ సబ్జెక్టు లెక్చరరుగారి ముందు పెట్టండి. రిఫరీ చదివిన వ్యాసమేదో, చదవనిదేదో వారు పది నిమిషాల్లో చెప్పగలరు.