పాటలు నీ దగ్గర కూడా ఉండాలె

భూపాలపల్లి

చిరంజీవి బిడ్డకు,

జనగామ కొలువు మానేసి, ఇన్‌స్టాగ్రామ్‌ల పాటలు పాడుడే బతుకుదెరువు చేసుకుంటనంటున్నవని మీ బాపు ఫోన్ల చెప్పిండు. నీ గొంతు మీద నాకు అనుమానం లేదు. నువ్వు నమ్ముకుంటున్న కంపెనీల తీరు గురించే రాస్తున్న.

2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్ అందులనే ఉన్నది. నిన్నటిదాక ఊరూరా పేరున్న పిల్లలు తెల్లారేసరికి ఎవరికీ కనబడకుంట పోయిండ్రు. వాళ్ల తప్పేం లేదు. రెండు దేశాల తగాదాల వాళ్ల పాట ఆగింది.

అంతకుముందు ఆర్కుట్ అనే సైట్‌ను గూగుల్ 2014 సెప్టెంబర్ 30న మూసేసింది గని, ఎవరివి వాళ్లు తీసి పెట్టుకోనీకి గడువన్న ఇచ్చింది. అమెరికాల మైస్పేస్ అనే సైట్‌ల అట్ల కాలేదు. 2005ల మాతృసంస్థతో సహా 58 కోట్ల డాలర్లకు కొన్నోళ్లు, 2011ల దాన్ని సుమారు మూడున్నర కోట్ల డాలర్లకు అమ్ముకున్నరు. పైసలు పోతే కంపెనీవే పోయినయ్ అనుకో. కని సర్వర్లు మార్చేటప్పుడు, 2015కు ముందు జనం అందులో పెట్టుకున్న పాటలు పోయినయని 2019ల బయటపడ్డది. అయిదు కోట్ల దాక ఉంటయని లెక్క. ఎందరికి అదొక్కటే ప్రతో! అది చదివినప్పుడు నీ పాటలే యాదికొచ్చినయ్.

అందుకే పాడిన ప్రతి పాట అసలు రికార్డింగు హార్డ్ డిస్క్‌ల పెట్టు, ఇంకోటి మీ అమ్మ బీరువాల ఉంచు. యూట్యూబ్‌ల కూడ పెట్టు. ఏ పాట ఏ తండాల, ఎవరి నోట విన్నవో రాసిపెట్టు. పెండ్లిళ్లకు, పండుగలకు నిన్ను పాడనీకి పిలిచేటోళ్ల నంబర్లు నోటుబుక్కుల ఎక్కించు. ఫాలోవర్లు కంపెనీ దగ్గర ఉంటరు, ఆ నంబర్లు నీ దగ్గర ఉంటయ్.

ఇంత పెద్ద కంపెనీకి ఏమైతది అంటవేమో. మంచి పాలనకని 2008ల సత్యం కంప్యూటర్స్ కంపెనీకి గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చిండ్రు. కొన్ని నెలలకే, 2009 జనవరి 7న, లెక్కల చూపిన వేల కోట్లు అసలు లేవని దాని ఛైర్మన్ రామలింగరాజే ఉత్తరం రాసిండు. అక్కడ పనిచేసేటోళ్లు యాభై వేలకు పైనే. కంపెనీ మునిగినా పని చేతనైనోళ్లు మిగిలిండ్రు, టెక్ మహీంద్రా దాన్ని కొన్నది.

మా భూపాలపల్లి కేటీకే గనులల్ల ఒక బాయిల బొగ్గు అయిపోతే సింగరేణి మమ్ముల ఇంకో బాయికి పంపుతది. ఇన్‌స్టాగ్రామ్ మూతపడితే నిన్ను ఇంకో తావుకు పంపేటోళ్లు ఉండరు బిడ్డా.

కొలువు ఇప్పుడే ఇడువకు. పొద్దుమూకినంక పాడు, ఆదివారాలు పాడు. వరుసగ ఆరు నెలలు పాటల మీద నీ జీతమంత వస్తే నాకు ఫోన్ చెయ్. మీ బాపును నేనే ఒప్పిస్త.

నీ పెద్దబాపు